చచ్చిన కాలేజీలో మన చరిత్ర: ముక్కు కొలతలూ అమరావతి రాళ్ళూ

చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియాన్ని పాతకాలం మద్రాసు జనం 'సెత్త కాలేజి' అనేవారు. అంటే చచ్చిన కాలేజీ. జంతువుల్ని పెంచే జూ వాళ్ళకి 'ఉయిర్ కాలేజి', ప్రాణమున్న కాలేజీ. చదువుకున్నవాళ్ళు ఈ మాటలు విని నవ్వుకునేవారు. మాకు మాత్రం ఈ పేర్లలో తప్పేమీ కనిపించలేదు. తోలు ఒలిచి గడ్డి కూరిన పులులు, గాజు సీసాల్లో పాములు, తిమింగలం ఎముకలు, గుడి నుంచి విడిపోయిన కంచు దేవుళ్ళు, స్తూపం నుంచి ఊడివచ్చిన రాళ్ళు, ఆదివాసుల ఆయుధాలు. ఇవన్నీ ఒకే ఆవరణలో ఉంటే దాన్ని జనం ఇంకేమని పిలుస్తారు?

చూడ్డానికి వెళ్ళినవాళ్ళు సాధారణంగా రెండు రకాలు. పిల్లలతో వెళ్ళినవాళ్ళు ఏనుగు ఎముకల గూడు దగ్గర ఆగుతారు. చరిత్ర చదివినవాళ్ళు అమరావతి శిల్పాల దగ్గర, తిరువాలంగాడు నటరాజు దగ్గర ఆగుతారు. మేం మూడో రకంగా చూడాలనుకున్నాం. ఈ మ్యూజియం మన కులాల గురించి ఏం చెప్పింది? ఏం దాచింది? అది దాచినదాన్ని మనవాళ్ళు ఎలా బయటికి లాగారు? ఈ వ్యాసం ఆ మూడు ప్రశ్నల గురించే.

దొరల డాన్సు హాలు మ్యూజియం అయిన వైనం

ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం ఈ మ్యూజియాన్ని 1851లో పెట్టింది. మద్రాసు లిటరరీ సొసైటీ వాళ్ళు ఇచ్చిన రాళ్ళు, ఖనిజాలు మొదటి సొత్తు. సెయింట్ జార్జి కోట కాలేజీ భవనంలో మొదలై 1854లో పాంథియాన్‌కి మారింది. పాంథియాన్ అంటే అంతకుముందు మద్రాసు దొరలు, దొరసానులు విందులూ డాన్సులూ చేసుకున్న చోటు. మ్యూజియం ముందున్న రోడ్డుకి ఇప్పటికీ ఆ పేరే. మొదటి అధికారి ఎడ్వర్డ్ బాల్ఫర్ వృత్తిరీత్యా డాక్టరు. బతికున్న జంతువుల్ని పెడితే జనం ఎక్కువగా వస్తారని 1855లో అదే ఆవరణలో చిన్న జూ కూడా పెట్టాడు. జనం నిజంగానే విరగబడి వచ్చారు. 1863లో ఆ జంతువులు పీపుల్స్ పార్కుకి వెళ్ళిపోయాయి.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించాలి. మద్రాసు రాష్ట్రంలో అంటరానివాళ్ళకి గుళ్ళలోకి వెళ్ళే హక్కు రాష్ట్రమంతటికీ చట్టంగా వచ్చింది 1947లో. అప్పటిదాకా ఊళ్ళో దేవుణ్ణి చూడాలంటే గోపురం బయటి నుంచి దణ్ణం పెట్టుకోవాల్సిందే. మ్యూజియంలో అదే దేవుడు మూలవిరాట్టుగా కాకుండా 'కంచు విగ్రహం, చోళుల కాలం' అనే చీటీతో నిలబడ్డాడు. పూజారి లేడు, తీర్థం లేదు, మైల లేదు. దేవుణ్ణి అంటరానితనం నుంచి విడిపించిన చోటు గుడి కాదు, మ్యూజియం. ఈ మాట అన్నంత మాత్రాన తెల్లదొరలకి మనమేదో రుణపడ్డామని కాదు. దేవుడి మీద తీసేసిన మైలని దొరలు మనుషుల మీద ఇంకో పేరుతో పెట్టారు. ఆ పేరు 'సైన్సు'.

మనుషుల్ని కొలిచిన కొలబద్ద

1885 నుంచి 1908 దాకా ఈ మ్యూజియానికి ఎడ్గార్ థర్‌స్టన్ సూపరింటెండెంటు. ఈయన చదివింది వైద్యం, పనిచేసింది జంతుశాస్త్రంలో. రామేశ్వరం సముద్రంలో దొరికే జీవుల మీద, ముత్యాల మీద, శంఖాల మీద రాశాడు. తర్వాత అదే చేత్తో మనుషుల మీద రాయడం మొదలుపెట్టాడు. 1901లో ప్రభుత్వం దేశమంతటా జాతుల సర్వే మొదలుపెట్టినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ బాధ్యత ఆయనకే అప్పగించారు. కాలిపర్ అనే కొలత పరికరంతో తల పొడవు, వెడల్పు, ముక్కు పొడవు, వెడల్పు కొలిచాడు. ఒంటి రంగు కొలవడానికి ఇంకో పరికరం, పిడికిలి బలం కొలవడానికి మరొకటి. పోలీసు అధికారులకి కూడా ఈ కొలతల పాఠాలు చెప్పాడు.

1909లో కె. రంగాచారి సాయంతో ఏడు సంపుటాల్లో 'కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా' అచ్చయింది. అందులో కులాలు అక్షరక్రమంలో ఉంటాయి. మాదిగ, మాల నాలుగో సంపుటంలో దొరుకుతారు. సీతాకోకచిలుకల పట్టికకీ దీనికీ పద్ధతిలో తేడా లేదు. పేరు, ఆనవాళ్ళు, అలవాట్లు, దొరికే చోటు. మాదిగ అంటే తోలు పని చేసే తెలుగు కులం, అంతే. అది ఎప్పటి నుంచి అట్లా ఉంది, ఎవరు అట్లా చేశారు అనే ప్రశ్నకి ఆ పట్టికలో గడి లేదు.

ఆ పుస్తకం ముందుమాటలో థర్‌స్టన్ సరదాగా చెప్పిన ఒక ముచ్చట ఉంది. వైనాడులో పణియ ఆడవాళ్ళు ఆయన్ని చూసి పారిపోయారట. తమలో బాగున్నవాళ్ళని పట్టుకుపోయి, గడ్డి కూరి, మద్రాసు మ్యూజియంలో పెడతాడని వాళ్ళ భయం. అది కుదిరితే ఎంత బాగుండేది, బొమ్మలు చేయించే బాధ తప్పేది అని ఆయన చమత్కరిస్తాడు. ఆయన దాన్ని అమాయకుల భయంగా రాశాడు. మాకది అమాయకత్వం కాదనిపిస్తుంది. పులిని చంపి తోలు ఒలిచి ఎవరి దగ్గరికి పంపుతున్నారో ఆ అధికారే కొలబద్ద పట్టుకుని తమ గుడిసెల దగ్గరికి వచ్చాడు. ఈ మ్యూజియం గురించి వచ్చిన మొట్టమొదటి సరైన విమర్శ ఆ పణియ ఆడవాళ్ళ పరుగే. దాన్ని రాసిపెట్టినవాడికే అది విమర్శ అని తెలియలేదు.

ఈ కొలతలు ఊరికే పుస్తకాల్లో ఉండిపోలేదు. 1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్త జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. పుట్టుకతోనే దొంగలని ముద్రవేసి ఎరుకల కుటుంబాల్ని సెటిల్‌మెంట్లలో పెట్టారు. స్టువర్ట్‌పురం పేరు వినని తెలుగువాడు ఉండడు. ఆ చట్టం 1952లో రద్దయింది. ముద్ర ఇంకా పోలేదు. మనిషి స్వభావం వాడి పుట్టుకలో ఉంటుందనే నమ్మకం మనువుది. దానికి కొలబద్ద ఇచ్చింది మ్యూజియం.

తోలు ఒలిచింది ఎవరు?

జంతువుల గదుల్లో ఒక విషయం మమ్మల్ని వదల్లేదు. ప్రతి జీవికీ చీటీ ఉంది. దాని పేరుంటుంది, లాటిన్ పేరుంటుంది, ఒక్కోచోట అది ఎక్కడ దొరికిందో ఉంటుంది. తోలు ఒలిచి, ఉప్పు పట్టించి, పురుగు పట్టకుండా ఎండబెట్టినవాడి పేరు మేం చూసిన ఏ చీటీ మీదా లేదు.

ఈ దేశంలో చచ్చిన పశువుని ముట్టుకునే పని ఎవరి నెత్తిన పెట్టారో మనకి తెలుసు. ఊళ్ళో ఎద్దు చస్తే మాదిగవాడకి కబురొస్తుంది. పచ్చి తోలుని సున్నంలో నానబెట్టి, తంగేడు చెక్కతో ఊనబెట్టి, చెప్పుగా, డప్పుగా, మోటబావి బొక్కెనగా మార్చిన జ్ఞానం వాళ్ళది. తోలు ఎప్పుడు కుళ్ళుతుంది, ఎంత సున్నానికి బొచ్చు ఊడుతుంది, ఏ చెట్టు బెరడు ఏ తోలుకి సరిపోతుంది అన్నది రసాయన శాస్త్రమే. అదే పని మ్యూజియంలో చేస్తే 'టాక్సిడర్మీ' అనే గౌరవమైన పేరుంది. గూడెంలో చేస్తే మైల. పని ఒకటే, పేర్లు రెండు, మర్యాదలు రెండు. 'సైన్సు మనకి పశ్చిమం నుంచి వచ్చింది' అని పిల్లలకి పాఠం చెప్పే టీచర్లు ఈ గదిలో నిలబడి ఒక్క నిమిషం ఆలోచించాలని మా మనవి.

కృష్ణ ఒడ్డు నుంచి వచ్చిన రాళ్ళు

ఇక అమరావతి. ఒకప్పటి గుంటూరు జిల్లాలో, ఇప్పటి పల్నాడు జిల్లాలో, కృష్ణ కుడి ఒడ్డున, ధరణికోట పక్కన ఉన్న మహాచైత్యం క్రీస్తుకి పూర్వమే మొదలై శాతవాహనుల కాలంలో బాగా పెరిగింది. పలనాటి సున్నపురాయి మీద చెక్కిన శిల్పాలవి. ఇంగ్లీషువాళ్ళు వాటిని 'మార్బుల్స్' అన్నారు గానీ అది చలవరాయి కాదు.

పద్దెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో ఊరు కట్టించాడు. ఇళ్ళకీ కట్టడాలకీ రాళ్ళు కావాల్సి వచ్చి, జనం దీపాలదిన్నె అని పిలిచే దిబ్బని తవ్వారు. శిల్పాలు బయటపడ్డాయి. కొన్ని గోడల్లోకి పోయాయి, కొన్ని సున్నం బట్టీల్లోకి పోయాయి. 1797లో కాలిన్ మెకంజీ చూశాడు, 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి చాలా శిల్పాల్ని మద్రాసు చేర్చాడు. అవి ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ ఆరుబయట పడున్నాయి. 1859లో వాటిలో చాలా భాగం ఓడెక్కి లండన్ పోయాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో వందకు పైగా ఉన్నాయి. తర్వాత 1877లో రాబర్ట్ సెవెల్ తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ ఆజ్ఞతో దిబ్బ మొత్తం ఊడ్చేశారు. ఏ రాయి ఎక్కడుందో చెప్పే ఆధారం పోయింది. 1881-82లో జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి మిగిలింది ఏరుకోవడమే. ఆ మిగిలిన రాళ్ళలో ఎక్కువ భాగం ఎగ్మూరు చేరి చాలాకాలం గోడల్లో బిగించి ఉన్నాయి. 1942లో సి. శివరామమూర్తి వాటి మీద పెద్ద గ్రంథం రాశాడు.

మన చరిత్ర పుస్తకాలు ఈ కథని ఇక్కడ ఆపేస్తాయి. తెలుగువాళ్ళ సొత్తు లండన్‌లో ఉంది, చెన్నైలో ఉంది, తెచ్చుకోవాలి అంటాయి. తెచ్చుకోవాల్సిందే. కానీ 'తెలుగువాళ్ళు' అంటే ఎవరు? ఆ రాళ్ళు ఎవరు ఇచ్చారు?

చర్మకారుడు విధికుడు

అమరావతి రాళ్ళ మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చిన్న చిన్న దాన శాసనాలు ఉన్నాయి. చాలావరకు రాజులవి కావు. గృహపతులు, వర్తకులు, భిక్షువులు, భిక్షుణులు, మామూలు ఆడవాళ్ళు ఇచ్చినవి. వాటిలో ఒకటి పూర్ణఘటం చెక్కిన పలక. దాన్ని ఇచ్చినవాడి పేరు విధికుడు. వృత్తి, ఆ శాసనమే చెప్పినట్టు, చర్మకారుడు. అతని తండ్రి నాగుడు, ఉపాధ్యాయుడు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగుడితో, కూతుళ్ళతో, చుట్టాలతో, స్నేహితులతో కలిసి ఈ దానం చేశాడు.

ఈ నాలుగు ముక్కల్ని నెమ్మదిగా చదవాలి. తోలు పని చేసేవాడు మహాచైత్యానికి రాతిపలక చేయించి ఇవ్వగల స్తోమతులో ఉన్నాడు. తన వృత్తిని దాచుకోకుండా రాయి మీద చెక్కించాడు. ఆ రాయిని చైత్యం తీసుకుంది, ముట్టుకుంది, నిలబెట్టింది. అన్నిటికన్నా ముఖ్యం, అతని తండ్రి గురువు. చదువు చెప్పేవాడూ తోలు పని చేసేవాడూ ఒకే ఇంట్లో ఉన్నారు. తాత పేరు మనవడికి పెట్టుకున్న ఇల్లది.

ఇక్కడ మేం ఒక జాగ్రత్త చెప్తాం. విధికుడు ఇప్పటి మాదిగలకి నేరుగా తాత అని మేం అనడం లేదు. రెండు వేల ఏళ్ళ వంశవృక్షం ఎవరి దగ్గరా లేదు, బ్రాహ్మల దగ్గరా లేదు. మేం చెప్పేది ఒక్కటే. తోలు ముట్టుకున్నవాడు అంటరానివాడు అనేది ప్రకృతి నియమం కాదు. కృష్ణ ఒడ్డున ఒక కాలంలో అది లేదనడానికి రాతి సాక్ష్యం ఉంది. లేనిది తర్వాత వచ్చిందంటే ఎవరో తెచ్చారు. తెచ్చినదాన్ని తీసేయొచ్చు.

థర్‌స్టన్ ఉద్యోగం చేస్తున్న రోజుల్లోనే మ్యూజియంలో అమరావతి రాళ్ళు ఉన్నాయి. అదే ఆవరణలో మాదిగ గురించి ఆయన పట్టిక తయారైంది. రాళ్ళు పురావస్తు విభాగంలో, మనుషులు మానవశాస్త్ర విభాగంలో. మధ్యలో గోడ. విధికుడి రాయి చెప్పే మాట మాదిగ పట్టికలోకి రాలేదు. మ్యూజియం దాచిందని మేం అంటున్నది దీన్నే. దాచడానికి తాళం అక్కర్లేదు, గదులు వేరుచేస్తే చాలు.

గోడ బద్దలుకొట్టినవాళ్ళు

ఆ గోడని పగలగొట్టిన మొదటివాళ్ళు మ్యూజియం బయటే ఉన్నారు. థర్‌స్టన్ ముక్కులు కొలుస్తున్న రోజుల్లోనే, అదే మద్రాసులో, అయోతీదాస పండితుడు 1898లో శాక్య బౌద్ధ సంఘం పెట్టాడు. పరయలు ఒకప్పటి బౌద్ధులనీ, బౌద్ధం ఓడిపోయాక వాళ్ళని కిందికి తొక్కారనీ వాదించాడు. 1907లో 'ఒరు పైసా తమిళన్' అనే వారపత్రిక మొదలుపెట్టి 1914లో చనిపోయేదాకా ఆ మాటే రాశాడు. అదే 1907లో పి. లక్ష్మీనరసు 'ది ఎసెన్స్ ఆఫ్ బుద్ధిజం' తెచ్చాడు. నలభై ఏళ్ళ తర్వాత, 1948లో, ఆ పుస్తకాన్ని అంబేద్కర్ తన ముందుమాటతో మళ్ళీ వేయించాడు.

అదే 1948లో అంబేద్కర్ 'ది అన్‌టచబుల్స్' వచ్చింది. నందనార్, రవిదాస్, చోఖామేళా అనే ముగ్గురికి దాన్ని అంకితమిచ్చాడు. రవిదాస్ తోలు పని చేసినవాడు. ఆ పుస్తకంలో రెండు పనులు జరిగాయి. మొదటిది, కొలబద్దని కొలిచినవాళ్ళ మీదికే తిప్పడం. అంటరానివాళ్ళు వేరే జాతి అనే వాదాన్ని పరీక్షించడానికి ముక్కు కొలతల పట్టికల్నే తీసుకున్నాడు. జి.ఎస్. ఘుర్యే 1932 నాటి పుస్తకంలో వాడిన కొలతలవి. వాటిని పక్కపక్కన పెట్టి చూపించాడు. బ్రాహ్మలు ఏ జాతో అంటరానివాళ్ళూ అదే జాతి. వాళ్ళు ఆర్యులైతే వీళ్ళూ ఆర్యులే, వాళ్ళు ద్రావిడులైతే వీళ్ళూ ద్రావిడులే. కొలతలు శాస్త్రమే అయితే కులానికి రక్తంలో పునాది లేదు. కొలతలు శాస్త్రం కాకపోతే ఇంక చెప్పేదేముంది? ఎటు చూసినా వాదం కూలిపోయింది.

రెండోది, బౌద్ధాన్నీ అంటరానితనాన్నీ ఒకే కథలో పెట్టడం. తెగల యుద్ధాల్లో ఓడి చెదిరిపోయి ఊరి పొలిమేరలో బతికిన జనం బౌద్ధులయ్యారనీ, బ్రాహ్మణ మతం గెలిచాక గొడ్డుమాంసం మానని వాళ్ళ మీద అంటరానితనం పడిందనీ, అది సుమారు క్రీ.శ. 400 ప్రాంతంలో మొదలైందనీ ఆయన సిద్ధాంతం. ఆధారాలు తెగిన చోట ఊహతో కలపాల్సి వచ్చిందని ముందుమాటలో ఆయనే చెప్పుకున్నాడు. ఇందులో అన్నిటినీ చరిత్రకారులు ఒప్పుకోలేదు. ఒప్పుకోవాలని మేమూ పట్టుబట్టం. కానీ ప్రశ్న అడిగిన తీరు చూడండి. ఒక గదిలోని రాళ్ళనీ ఇంకో గదిలోని కొలతల్నీ ఒకచోట పెట్టి అడిగాడు. మ్యూజియం చేయని పని అది.

ఘటం ఎవరిది?

విధికుడి పూర్ణఘటం ఇప్పుడు గదుల్లో మాత్రమే లేదు. 2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొత్త రాజముద్రని ఖరారు చేసింది. అమరావతి ధర్మచక్రం మధ్యలో పూర్ణఘటం. అది నాగ గురువు కొడుకు, చర్మకారుడు విధికుడు ఇచ్చిన ఘటమని ఆ ముద్ర వివరణలోనే ఉంది. అంటే రాష్ట్ర ప్రభుత్వ కాగితాల మీద ఉన్నది తోలు పనివాడి కుటుంబం ఇచ్చిన కానుక. ఈ సంగతి ఎంతమంది టీచర్లు క్లాసులో చెప్తున్నారు? ఎంతమంది ఆఫీసర్లకి తెలుసు?

ఆ అమరావతి అప్పట్లో ఉన్న గుంటూరు జిల్లాలోనే 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. అంతకు ఆరేళ్ళ ముందు, 1985 జులైలో, పక్క జిల్లాలోని కారంచేడులో ఆరుగురిని చంపారు. ముద్ర మీద మన ఘటం, ఊళ్ళో మన రక్తం. వారసత్వం గురించి మాట్లాడే ప్రభుత్వాలు ఈ రెండింటినీ వేర్వేరు గదుల్లో పెడతాయి. మనం పెట్టకూడదు.

అందుకే మ్యూజియాలకి వెళ్ళొద్దని మేం అనం. వెళ్ళాలి, పిల్లల్ని తీసుకెళ్ళాలి. తీసుకెళ్ళినప్పుడు మూడు పనులు చేయించమని టీచర్లనీ కార్యకర్తల్నీ కోరుతున్నాం. ఒకటి, ప్రతి గదిలో చీటీ మీద ఎవరి పేరుందో, ఎవరి పేరు లేదో పిల్లల చేత నోటుబుక్కులో రాయించండి. రెండు, తోలు, ఇనుము, నేత, కుండ వస్తువుల దగ్గర ఆగి, ఆ పని చేసే ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలనే ఆ పని ఎలా చేస్తారో చెప్పమనండి. ఆ రోజుకి వాళ్ళే గైడ్లు. మూడు, అమరావతి రాళ్ళ ముందు విధికుడి పేరు, అతని తండ్రి పేరు, కొడుకు పేరు బిగ్గరగా చదివించండి.

గైడు వచ్చి గట్టిగా మాట్లాడొద్దని అంటే, ఇది మా ఇంటి పేరని చెప్పాల్సిన పని లేదు. తోలు పనివాడు చదువు చెప్పేవాడి కొడుకైన కాలం ఒకటి ఈ నేల మీద ఉందని చెప్పండి, చాలు.